మెదడు ఆరోగ్యం, ముసలితనం: జాతుల మధ్య తేడాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వయసు మీదపడ్డాక ఎవరి మెదడు ఎంత పదిలంగా ఉంటుందన్నది అందరికీ ఒకేలా లేదు. అమెరికాలో ఈ తేడాలను జాతి, సముదాయాల వారీగా దశాబ్దాలుగా లెక్కగడుతున్నారు కాబట్టి ఇక్కడి ఉదాహరణలు చాలావరకు అక్కడివే. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతింటే దాన్ని డిమెన్షియా అంటారు. దానికి అన్నిటికంటే పెద్ద కారణం అల్జీమర్స్ జబ్బు.

తేడా నిజంగా అంత ఉందా?

ఉంది. అమెరికాలో 65 దాటిన నల్లజాతివారిలో డిమెన్షియా శ్వేతజాతివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు, హిస్పానిక్‌లలో (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవారు, లాటినోలని కూడా అంటారు) సుమారు ఒకటిన్నర రెట్లు అని అల్జీమర్స్ అసోసియేషన్ ఏళ్ల తరబడి చెబుతోంది. కానీ ఈ "రెట్టింపు" ఒక్కటే పట్టుకుంటే సంగతి సగమే తెలుస్తుంది.

ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలో సభ్యులైన 2.74 లక్షల మంది పెద్దవాళ్లను 2000 నుంచి 2013 వరకు గమనించారు. ఏడాదికి వెయ్యి మందిలో కొత్తగా డిమెన్షియా బయటపడినవారు నల్లజాతివారిలో 26.6, అమెరికన్ ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసులు, భారతీయులు కాదు), అలాస్కా మూలవాసుల్లో 22.2, లాటినోల్లో 19.6, శ్వేతజాతివారిలో 19.3, ఆసియన్ అమెరికన్లలో 15.2. ఈ అధ్యయనాన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. వీళ్లందరిదీ ఒకే ఆరోగ్య పథకం, అవే ఆసుపత్రులు. అయినా తేడా పోలేదు. అప్పటికే అరవై ఏళ్లు గడిచిన శరీరం చేతిలో బీమా కార్డు పెడితే, ఆ అరవై ఏళ్లూ చెరిగిపోవు మరి.

మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థలో దాదాపు 19 లక్షల మంది రికార్డులు చూసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో వరుస మారింది. ఏడాదికి వెయ్యి మందిలో లెక్క చూస్తే హిస్పానిక్‌లు 20.7తో ముందున్నారు, నల్లజాతివారు 19.4, శ్వేతజాతివారు 11.5. కాలిఫోర్నియాలో శ్వేతజాతివారితో దాదాపు సమానంగా ఉన్న లాటినోలు ఇక్కడ అందరికంటే పైకి చేరారు. మెక్సికో మూలాలవారు, ప్యూర్టోరికోవారు, డొమినికన్లు, క్యూబన్లు అందరినీ "హిస్పానిక్" అనే ఒకే గడిలో వేసి లెక్కపెడితే ఇలాంటి చిక్కులు తప్పవు.

నాకు ఆ జాతి మూలాలున్నాయంటే నాకు వచ్చేస్తుందనా?

కాదు. పైన చెప్పిన కైజర్ అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. 65 ఏళ్లకు డిమెన్షియా లేని మనిషికి ఆ తర్వాతి 25 ఏళ్లలో అది వచ్చే అవకాశం నల్లజాతివారిలో 38 శాతం, శ్వేతజాతివారిలో 30, ఆసియన్లలో 28. జనం మొత్తం మీద చూస్తే ఇది చాలా పెద్ద తేడా, వేల కుటుంబాల సంగతి. ఒక్క మనిషి విషయానికొస్తే మాత్రం ఏ జాతిలోనైనా రానివాళ్లే ఎక్కువ.

రక్తంలోనే ఏదో ఉందేమో కదా? జన్యువుల సంగతేమిటి?

అందరూ ముందు అడిగేది ఇదే. జన్యువుల పాత్ర ఉంది. కానీ ఈ తేడాలకు అవే కారణం అనడానికి సాక్ష్యం నిలబడదు, కొన్నిచోట్ల ఎదురు తిరుగుతుంది కూడా.

అల్జీమర్స్‌కు బాగా తెలిసిన జన్యువు ఏపీఓఈ. దీనిలో ఇ4 అనే రకం ఉన్నవారికి ముప్పు ఎక్కువని 1993లో తేలింది. ఆఫ్రికా మూలాలున్నవారిలో ఈ ఇ4 మరింత ఎక్కువ మందిలో కనిపిస్తుంది. ఇక్కడితో ఆపేస్తే "చూశారా, జన్యువులే" అనిపిస్తుంది. కానీ అదే ఇ4 వాళ్లలో చేసే హాని తక్కువ. తూర్పు ఆసియావారిలో దాని దెబ్బ గట్టిగా ఉంటుంది, యూరప్ మూలాలవారిలో అంతకంటే కొంచెం తక్కువ, ఆఫ్రికా మూలాలవారిలో ఇంకా తక్కువ. ఆఫ్రికన్ అమెరికన్లను, ప్యూర్టోరికోవారిని పరిశీలించినప్పుడు, క్రోమోజోమ్‌లో ఆ జన్యువు చుట్టూ ఉన్న భాగం ఆఫ్రికా పూర్వీకుల నుంచి వచ్చిందా, యూరప్ పూర్వీకుల నుంచా అన్నదాన్ని బట్టి ముప్పు మారుతోందని గమనించారు. ఏబీసీఏ7 అనే మరో జన్యువుది ఇందుకు వ్యతిరేకం, దాని ప్రభావం ఆఫ్రికన్ అమెరికన్లలోనే ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఒక జాతికి "చెడ్డ జన్యువులు", ఇంకో జాతికి "మంచి జన్యువులు" అన్న కథ ఇక్కడ కుదరదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం నైజీరియా నుంచి వచ్చింది. ఇబాదాన్ నగరంలోని యోరుబా ప్రజలను, అమెరికాలో ఇండియానాపొలిస్‌లో ఉండే ఆఫ్రికన్ అమెరికన్లను 1992 నుంచి ఒకే పద్ధతిలో పరీక్షిస్తూ వచ్చారు. 65 దాటినవారిలో ఏడాదికి కొత్తగా డిమెన్షియా వచ్చినవారు ఇబాదాన్‌లో 1.35 శాతం, ఇండియానాపొలిస్‌లో 3.24 శాతం. ఈ ఫలితాలు 2001లో వచ్చాయి. దూరపు పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికావారే, ఇ4 రకం రెండుచోట్లా తక్కువేమీ కాదు, కానీ జబ్బు రెండింతలకు పైగా తేడా. తిండి, రక్తపోటు, బరువు, షుగర్, బతికిన తీరు వేరు. ఈ రంగంలో ఒక్క అధ్యయనం పేరే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

మరైతే అసలు కారణాలు ఏమిటి?

మొదటిది రక్తనాళాలు. మెదడు బరువు శరీరంలో రెండు శాతమే అయినా గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు దానికే పోతుంది. నడివయసులో రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడు లోపలి సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి. పైకి తెలియని చిన్నచిన్న స్ట్రోక్‌లు వస్తాయి, మెదడు భాగాలను కలిపే తెల్లపదార్థం దెబ్బతింటుంది. అమెరికాలో నల్లజాతి పెద్దల్లో సగానికి పైగా రక్తపోటు ఉన్నవారే, పైగా వాళ్లకు అది చిన్న వయసులోనే మొదలవుతుంది. మొదటిసారి స్ట్రోక్ వచ్చే ముప్పు శ్వేతజాతివారికంటే దాదాపు రెట్టింపు. నల్లజాతివారిలో, హిస్పానిక్‌లలో, మూలవాసుల్లో షుగర్ కూడా ఎక్కువ.

చనిపోయాక మెదడును దానం చేసినవారి మీద షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధనలో ఇది కళ్లకు కట్టింది. అల్జీమర్స్ అని నిర్ధారణ అయిన నల్లజాతివారి మెదళ్లలో ఒక్క అల్జీమర్స్ గుర్తులే ఉన్నవి తక్కువ. వాటితో పాటు రక్తనాళాల దెబ్బలు, లెవీ బాడీలు (మెదడు కణాల్లో పేరుకునే ప్రోటీన్ ముద్దలు) కలిసి ఉన్నవి శ్వేతజాతివారిలో కంటే ఎక్కువ. అంటే ఒకే పేరు పెట్టిన జబ్బు వెనక రెండు మూడు జబ్బులు కలిసి పనిచేస్తున్నాయన్నమాట.

రెండోది చోటు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలను, అంటే మిసిసిపీ, అలబామా, జార్జియా, కరోలినాలు ఉన్న ప్రాంతాన్ని, స్ట్రోక్ మరణాలు ఎక్కువ కాబట్టి "స్ట్రోక్ బెల్ట్" అంటారు. స్ట్రోక్ మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో పుట్టి, తర్వాత వేల కిలోమీటర్ల దూరంలోని కాలిఫోర్నియాకు వచ్చి స్థిరపడినవారిలో కూడా ముసలితనంలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. చిన్నతనం వెంటే వచ్చింది. పుట్టిన ఊరు నల్లజాతివారికి ఎలా దొరికిందన్నది మళ్లీ చరిత్రే. నగరాల్లో కూడా అంతే. 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్ర రంగు వేసి, అక్కడ ఇళ్లకు అప్పులివ్వడం ప్రమాదమని గుర్తుపెట్టింది. ఇళ్ల విషయంలో వివక్ష చట్టరీత్యా నేరమైంది 1968లో. ఆలోపు హైవేలు, ఫ్యాక్టరీలు ఎటు వచ్చాయో, చెట్లు, పార్కులు ఎటు వెళ్లాయో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. గాలిలోని సన్నని ధూళి కణాలు డిమెన్షియా ముప్పును పెంచుతాయి, ఆ గాలి అన్ని పేటల్లో ఒకటి కాదు.

చిన్నప్పుడు చదివిన బడికీ, ఎనభై ఏళ్ల మెదడుకూ సంబంధం ఏమిటి?

చదువు మెదడుకు నిల్వ బలాన్ని ఇస్తుంది. ఇద్దరి మెదళ్లలో ఒకే మోతాదులో జబ్బు ఉన్నా, ఎక్కువ చదువుకున్న మనిషిలో లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. ఇది చాలా దేశాల్లో పదే పదే కనిపించిన విషయం.

ఇప్పుడు ఎనభై ఏళ్లున్న నల్లజాతి అమెరికన్ 1940లలో పుట్టారు. బళ్లలో జాతుల వారీ విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో. అది అమలు కావడానికి దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకా ఏళ్లు పట్టింది. అప్పటివరకు నల్లజాతి పిల్లల బళ్లకు డబ్బు తక్కువ, టీచర్లు తక్కువ, చాలాచోట్ల బడి నడిచే రోజులే తక్కువ. పుస్తకాలు తెల్లపిల్లలు వాడి పారేసినవి. కాబట్టి "ఎన్నేళ్లు చదివారు?" అన్న ప్రశ్నకు ఇద్దరూ "ఎనిమిదేళ్లు" అన్నా, ఆ ఎనిమిదేళ్లు ఒకటి కావు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నిఫర్ మాన్లీ బృందం ఈ సంగతే పట్టుకుంది. చదివిన ఏళ్ల బదులు, పదాలను ఎంత బాగా చదవగలరో చూసి సరిదిద్దితే, జ్ఞాపకం, ఆలోచన పరీక్షల్లో జాతుల మధ్య కనిపించే తేడా చాలావరకు తగ్గిపోయింది.

ఆసుపత్రుల సంగతీ దాదాపు ఇంతే. 1966లో పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ మొదలైనప్పుడు, జాతి విభజన పాటించే ఆసుపత్రులకు డబ్బివ్వం అని ప్రభుత్వం గట్టిగా చెప్పాకే దక్షిణాదిలో చాలా ఆసుపత్రుల తలుపులు అందరికీ తెరుచుకున్నాయి.

వివక్ష వల్ల వచ్చే టెన్షన్ నిజంగా మెదడును దెబ్బతీస్తుందా?

అడపాదడపా వచ్చే టెన్షన్ గురించి కాదు ఇక్కడ మాట. ఏళ్ల తరబడి తగ్గని ఒత్తిడిలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్, రక్తపోటు, శరీరంలోని వాపు, నిద్ర అన్నీ గాడి తప్పుతాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం కార్టిసోల్‌కు చాలా సున్నితం. ఇలా శరీరం మీద పేరుకునే భారాన్ని బ్రూస్ మెక్యూవెన్ అనే శాస్త్రవేత్త 1990లలో "అల్లోస్టాటిక్ లోడ్" అన్నారు. నల్లజాతి మహిళల శరీరాలు అసలు వయసుకంటే ముందే అరిగిపోతున్నాయని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ప్రతిపాదించారు. ఫలానా మనిషి డిమెన్షియాలో వివక్ష వాటా ఇంత అని తేల్చే రక్తపరీక్ష మాత్రం ఏదీ లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

జ్ఞాపకశక్తి పరీక్షలు అందరికీ న్యాయంగా ఉంటాయా?

ఎప్పుడూ కాదు. 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ, 2005లో వచ్చిన మోకా అనే చిన్న పరీక్షలే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. గడియారం బొమ్మ గీయడం, జంతువుల పేర్లు చెప్పడం, వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ పోవడం లాంటివి వాటిలో ఉంటాయి. బడి మొహం పెద్దగా చూడని మనిషికి, లేదా పరాయి భాషలో పరీక్ష రాసే మనిషికి, మెదడు బాగున్నా మార్కులు తగ్గుతాయి. మోకాలో 12 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవారికి ఒక మార్కు కలుపుతారు. ఒక్క మార్కు! ఏమీ కలపకపోవడం కంటే మేలే, కానీ దానితో సరిపోయిందనుకోవడం అమాయకత్వం. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. బాగా చదువుకున్న మనిషి నిజంగా జారిపోతున్నా పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని డాక్టర్ దగ్గర నుంచి నవ్వుతూ బయటికొస్తారు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి చేసిన ఒక ప్రయత్నం ఎలా వికటించిందో చూడండి. జాతిని బట్టి సగటు మార్కులు వేరు కాబట్టి జాతిని బట్టి వేరు కొలతలు పెడదాం అనుకున్నారు. మంచి ఉద్దేశమే, ఆరోగ్యంగా ఉన్న నల్లజాతివారికి పొరపాటున జబ్బు అంటగట్టకూడదని. అదే పద్ధతిని అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో, తలదెబ్బలు తిన్న మాజీ ఆటగాళ్లకు పరిహారం లెక్కగట్టడానికి వాడారు. నల్లజాతి ఆటగాడి మెదడు మొదటినుంచే తక్కువ స్థాయిలో ఉందని లెక్కలో ముందే అనుకున్నట్టయింది. అంటే అవే మార్కులకు తెల్ల ఆటగాడికి పరిహారం, నల్ల ఆటగాడికి "నీకేం కాలేదు". కెవిన్ హెన్రీ, నాజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకెక్కారు. 2021లో ఆ పద్ధతి వదిలేస్తామని లీగ్ ఒప్పుకుంది, పాత కేసులను మళ్లీ లెక్కగట్టడానికి దారి తెరుచుకుంది. చదువు, భాష, పెరిగిన పరిస్థితి అడగాల్సిన చోట చర్మం రంగు అడిగితే లెక్క ఇలాగే తప్పుతుంది.

అందుకే ఒక్కసారి తెచ్చుకున్న మార్కుకంటే, ఏడాది రెండేళ్లలో అదే మనిషి మార్కు ఎలా మారింది, ఇంట్లో వాళ్లు ఏం గమనించారు అన్నవి ఎక్కువ చెబుతాయి.

జబ్బు ఉన్నా బయటపడడం ఎందుకు ఆలస్యమవుతోంది?

నల్లజాతివారిలో, హిస్పానిక్‌లలో డిమెన్షియా ఉన్నా ఆ మాట రికార్డుల్లోకి ఎక్కకపోవడం ఎక్కువ. ఎక్కినా, ముదిరిన దశలో ఎక్కుతుంది. "వయసన్నాక మతిమరుపు మామూలే" అని ఇంట్లో అనుకోవడం ఒక కారణం, దాన్నే డాక్టర్ కూడా అనడం ఇంకో కారణం. రెండోదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. అల్జీమర్స్ అసోసియేషన్ 2021లో చేసిన సర్వేలో, వైద్యం కోసం వెళ్లినప్పుడు వివక్ష ఎదురైందని నల్లజాతివారిలో సగం మంది చెప్పారు. న్యూరాలజిస్టు దగ్గరికి నెలల వెయిటింగ్, సెలవు దొరకని ఉద్యోగం, దగ్గర్లో స్పెషలిస్టు లేకపోవడం అన్నీ దీనికి తోడవుతాయి.

ఆలస్యానికి ధర ఉంటుంది. కొత్త మందులు తొలిదశలోనే ఇస్తారు. వీలునామా, బ్యాంకు పనులు, ఎవరి దగ్గర ఉండాలన్న నిర్ణయం మనిషి తానే చెప్పగలిగే రోజులు కూడా ఆ తొలిదశలోనే ఉంటాయి.

పరిశోధనల్లో అన్ని జాతులవారూ ఎందుకు ఉండరు? నమ్మకం లేకనేనా?

నమ్మకం లేకపోవడానికి గట్టి కారణమే ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రజారోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి పురుషులను గమనిస్తూ వచ్చింది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. 1940ల చివరికి పెన్సిలిన్ వచ్చేసినా వాళ్లకు ఇవ్వలేదు. ప్రభుత్వం తరఫున అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో.

కానీ ప్రతిదీ టస్కీగీ మీదికి నెట్టేయడం పరిశోధకులకు సౌకర్యంగా ఉంటుంది, అంతే. రమ్మని అడిగితే చాలామంది వస్తారు. అడగరు. అడిగినా, పనిరోజుల్లో పగటిపూట పదిసార్లు రావాలి, వెంట ఒక "స్టడీ పార్ట్‌నర్" (మార్పులు గమనించి చెప్పే తోడుమనిషి) తప్పకుండా ఉండాలి, షుగర్, కిడ్నీ, స్ట్రోక్ ఉంటే చేర్చుకోరు అన్న నిబంధనలు పెడతారు. ఆ జబ్బులు ఎక్కువున్న సముదాయాలు అక్కడే రాలిపోతాయి. ప్రభుత్వ డబ్బుతో జరిగే పరిశోధనల్లో మైనారిటీలను, మహిళలను చేర్చాలని 1993లోనే చట్టం వచ్చింది. అయినా లెకానెమాబ్ అనే కొత్త అల్జీమర్స్ మందు పెద్ద ట్రయల్‌లో 1,795 మంది చేరితే, అమెరికా నుంచి చేరినవారిలోనే నల్లజాతివారు 5 శాతం కూడా లేరు.

కొత్త అల్జీమర్స్ మందులు అందరికీ పనిచేస్తాయా?

లెకానెమాబ్‌కు 2023 జులైలో, డోనానెమాబ్‌కు 2024 జులైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. రెండూ అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను తొలగిస్తాయి, జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి. నయం చేయవు. మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం ఉంది, ఇ4 జన్యువు రకం అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చి రెండు కాపీలున్నవారికి అది మరీ ఎక్కువ.

డోనానెమాబ్ ట్రయల్‌లో తొంభై శాతానికి పైగా శ్వేతజాతివారే. ఇలాంటి ట్రయల్స్‌లో ఇతర జాతులవారు చేరడానికి వచ్చినప్పుడు, మెదడులో అమిలాయిడ్ సరిపడా లేదని వెనక్కి పంపడం కూడా ఎక్కువగానే జరిగింది. వాళ్ల జ్ఞాపకశక్తి సమస్యలో రక్తనాళాల వాటా ఎక్కువ ఉండొచ్చన్న సూచన అది. అలాంటప్పుడు అమిలాయిడ్ మందు మీదే ఆశలన్నీ పెట్టుకోవడం సరికాదు. లెకానెమాబ్ ప్రకటిత ధర ఏడాదికి 26,500 డాలర్లు. దానికి తోడు స్కాన్లు, సెలైన్‌లా ఎక్కించే సెంటర్‌కు తిరగడం. ఈ మందు ఎవరికి అందుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

రక్తపరీక్షతో తేలిపోతుందని విన్నాను?

2025 మేలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ తొలిసారి ఒక రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. పీ-టావ్ 217, అమిలాయిడ్ అనే ప్రోటీన్ల నిష్పత్తిని అది చూస్తుంది. ఖరీదైన పెట్ స్కాన్, వెన్నునీటి పరీక్ష అందనివారికి ఇది మంచి కబురే. అయితే కిడ్నీ జబ్బు ఉంటే ఆ ప్రోటీన్లు పెరిగినట్టు, బరువు బాగా ఎక్కువుంటే తగ్గినట్టు కనిపించవచ్చు. కాబట్టి మీ కిడ్నీ రిపోర్టు పక్కన పెట్టుకునే ఫలితం చదవమని డాక్టర్‌ను అడగండి. లక్షణాలేవీ లేనివారు కుతూహలం కొద్దీ చేయించుకునే పరీక్ష కాదిది.

ఆసియన్లకు తక్కువట కదా, మరి దక్షిణాసియావాళ్లం నిశ్చింతగా ఉండొచ్చా?

కైజర్ లెక్కల్లో ఆసియన్లను విడదీసి చూసినప్పుడు దక్షిణాసియావారిలో తక్కువ, ఫిలిప్పీన్స్ మూలాలవారిలో కాస్త ఎక్కువ కనిపించింది. అన్ని ఉపసముదాయాల్లోనూ శ్వేతజాతివారికంటే తక్కువే. వినడానికి బాగుంది, కానీ దీన్ని చూసి తొందరపడి సంబరపడకండి. వలస వచ్చేవాళ్లు సాధారణంగా ఆరోగ్యవంతులు, చదువుకున్నవాళ్లు. అనారోగ్యంగా ఉన్నవాళ్లు ప్రయాణమే కట్టరు. పైగా ఇంట్లోనే చూసుకుంటూ డాక్టర్ దాకా తీసుకెళ్లకపోతే ఆ కేసు లెక్కలోకే రాదు.

ఇంకో వైపు, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 2010లో మొదలైన మసాలా అనే అధ్యయనం (పేరు నిజంగా అదే!) దక్షిణాసియా మూలాలవారిలో గుండె, రక్తనాళాల ముప్పును గమనిస్తోంది. బరువు పెద్దగా లేకపోయినా వీరిలో షుగర్ ఎక్కువగా కనిపించింది. నడివయసు షుగర్, రక్తపోటు ముసలితనంలో మెదడు మీద ఏం చేస్తాయో పైన చెప్పుకున్నాం. ఇప్పుడు యాభైల్లో ఉన్న తరం వాళ్ల తల్లిదండ్రులంత అదృష్టంగా ఉంటుందని నేనైతే పందెం కాయను.

హిస్పానిక్‌లు ఎక్కువకాలం బతుకుతారంటారు, అదెలా?

అమెరికాలో హిస్పానిక్‌ల సగటు ఆయుర్దాయం శ్వేతజాతివారికంటే కొంచెం ఎక్కువ. డిమెన్షియాకు అతిపెద్ద కారణం వయసే కాబట్టి, ఎక్కువకాలం బతకడమంటే జబ్బు వచ్చే వయసును ఎక్కువమంది చూడడం. జబ్బు వచ్చినవారిని ఇంట్లో చూసుకునేది ఎక్కువగా కూతుళ్లు, కోడళ్లు. ఆ భారం ఏ గణాంకంలోనూ సరిగ్గా కనిపించదు.

ఈ తేడాలను తగ్గించొచ్చా?

చాలావరకు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాల జాబితా ఇచ్చింది. తక్కువ చదువు, వినికిడి లోపం, రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్, షుగర్, పొగ, మద్యం, ఊబకాయం, కదలకుండా ఉండడం, డిప్రెషన్, తలదెబ్బలు, ఒంటరితనం, గాలి కాలుష్యం, సరిచేయని చూపు. ఇవన్నీ తొలగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అని అంచనా.

వీటిలో నా ఓటు రక్తపోటుకే. అమెరికాలో 9,361 మందితో జరిగిన స్ప్రింట్ ట్రయల్‌లో దాదాపు 30 శాతం మంది నల్లజాతివారు. పై అంకెను 140 కిందకు కాకుండా 120 కిందకు తెచ్చిన గుంపులో, డిమెన్షియాకు ముందు వచ్చే స్వల్ప జ్ఞాపకలోపం 19 శాతం తగ్గింది. చైనా పల్లెల్లో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలే రక్తపోటు మందులు సర్దుతూ నాలుగేళ్లలో డిమెన్షియాను 15 శాతం తగ్గించారు, ఆ ఫలితాలు 2025లో వచ్చాయి. దీనికి ఖరీదైన మందులు, పెద్ద ఆసుపత్రులు అక్కర్లేదు. మెదడుకు రక్షణ ఇచ్చే ఈ రక్తపోటు మాత్రలు మందుల షాపుల్లో ఎప్పటినుంచో చవకగా దొరుకుతున్నాయి, అందాల్సినవాళ్లకు రోజూ అందడం లేదు.

వినికిడి విషయం కూడా తేలిగ్గా తీసుకోకండి. 2023లో వచ్చిన అచీవ్ ట్రయల్‌లో అందరినీ కలిపి చూస్తే తేడా లేదు, కానీ ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లలో హియరింగ్ ఎయిడ్ మూడేళ్లలో ఆలోచనాశక్తి తగ్గే వేగాన్ని 48 శాతం తగ్గించింది. సంప్రదాయ మెడికేర్ (ప్రభుత్వమే నేరుగా నడిపేది) మాత్రం హియరింగ్ ఎయిడ్‌కు డబ్బివ్వదు. అమెరికాలో జరిగిన పాయింటర్ ట్రయల్‌లో 2,111 మంది రెండేళ్లు వ్యాయామం, ఆహారం, మెదడుకు పని, నలుగురితో కలవడం పాటించారు. ఒక క్రమపద్ధతిలో, వెంట ఉండి చేయించినవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు, సొంతంగా చేసుకున్నవాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. చేరినవారిలో మూడో వంతుకు దగ్గరగా మైనారిటీ సముదాయాలవారే. పిలిస్తే వస్తారనడానికి ఇదొక రుజువు.

ఇంట్లో పెద్దవాళ్లు మరిచిపోతున్నారు, అమెరికాలో ఎక్కడ మొదలుపెట్టాలి?

65 దాటి మెడికేర్ ఉంటే ఏడాదికొకసారి ఉచితంగా జరిగే వెల్‌నెస్ విజిట్‌లో జ్ఞాపకం, ఆలోచన చూడడం డాక్టర్ తప్పనిసరిగా చేయాల్సిన పని. చేయకపోతే అడగండి. వెళ్లేముందు ఏం మారిందో ఉదాహరణలతో రాసుకుని తీసుకెళ్లండి. "మతిమరుపు ఎక్కువైంది" అంటే ఎవరూ పట్టించుకోరు, "రెండుసార్లు స్టవ్ ఆపడం మరిచారు, తెలిసిన దారిలో తప్పిపోయారు" అంటే వింటారు. థైరాయిడ్, బీ12, డిప్రెషన్, నిద్రలేమి, వాడుతున్న మందులు కూడా ఇలాంటి లక్షణాలే తెస్తాయి. ముందు వాటిని చూడమనండి.

డిమెన్షియా అని తేలాక, సంప్రదాయ మెడికేర్ ఉన్నవారికి 2024 జులైలో మొదలైన గైడ్ అనే కార్యక్రమం ఉంది. ఇందులో చేరిన క్లినిక్‌లు దారి చూపే ఒక మనిషిని కేటాయిస్తాయి, 24 గంటల ఫోన్ సాయం ఇస్తాయి. అర్హత ఉంటే చూసుకునేవారికి విరామం కోసం ఏడాదికి 2,500 డాలర్ల వరకు సాయం అందుతుంది. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ పథకం) ఉన్నవారికి ఇది వర్తించదు.

పెద్దవాళ్లకు ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే?

ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి, అమెరికా చట్టం అది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే భాష పేరు చెప్పి అడగండి. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం పిల్లలు దుబాసీలుగా కూర్చోవద్దు. తెలియకుండానే క్లూలు ఇస్తారు, జవాబును సర్ది చెబుతారు, లేదంటే అమ్మానాన్నలే పిల్లల ముందు ఇబ్బంది పడి ఉన్నది దాస్తారు. పరీక్ష ఏ భాషలో జరిగిందో, ఎన్నేళ్లు ఏ భాషలో చదువుకున్నారో రిపోర్టులో రాయమని అడగండి. మళ్లీ ఏడాది పోల్చి చూడడానికి అదే భాషలో, అదే పరీక్ష చేయాలి.